పెళ్లి కాలేదని చెప్పే కాగితం

పత్రికాఫీసులో పనిచేసినంతకాలం మేం జరిగినవాటి గురించే రాశాం. కాలవకు గండి పడితే వార్త, పడకపోతే ఏం వార్త? యార్డులో మిర్చి ధర పడిపోతే మొదటి పేజీ, నిలకడగా ఉంటే లోపల ఎక్కడో రెండు ముక్కలు. అందుకే, ఒక సంగతి జరగలేదని రుజువు చేయడం ఎలా అన్న ప్రశ్న నాకు యాభై దాటేదాకా ఎదురుకాలేదు. ఎదురయ్యాక మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మా ఎడిషన్ మూతపడ్డాక, గుంటూరు కోర్టు వెనక వీధిలో ఒక నోటరీ దగ్గర అనువాదకుడిగా చేరాను. విదేశాలకు వెళ్లేవాళ్ల కాగితాలు మా దగ్గరికి వచ్చేవి. పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్లు, దత్తత పత్రాలు, కోర్టు తీర్పులు. తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టి, ఇది సరైన అనువాదమేనని కింద సంతకం చేయడం నా పని. ఇప్పుడు అదీ మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఫలానా దేశానికి ఏయే ముద్రలు కావాలండీ అని అడుగుతుంటారు. అది ఎవరైనా చెబుతారు. నేను ఒక కేసు గురించి చెబుతాను.

మా నోటరీ పెద్ద వయసు మహిళా న్యాయవాది. సంతకం పెట్టడానికి ఎవరొచ్చినా ముందు గుర్తింపు కార్డు అడిగేవారు కాదు. ఏ ఊరు, ఈ ఏడు ఏం వేశారు, పత్తికి గులాబీ పురుగు తగిలిందా అని అడిగేవారు. మనిషి తడబడకుండా మాట్లాడితే అప్పుడు కార్డు చూసేవారు. పత్తి సంగతి తెలియని పత్తి రైతులు ఇద్దరు ముగ్గురిని అలాగే వెనక్కి పంపడం నేను చూశాను. మా టైపిస్టుది ఇంకో పద్ధతి. గడప దగ్గర మనిషిని చూసి ఏ దేశమో చెప్పేసేవాడు. భుజానికి సంచీ ఉంటే గల్ఫ్, చేతిలో ప్లాస్టిక్ ఫైలుంటే లండన్, వెంట నాన్న ఉంటే ఆస్ట్రేలియా అనేవాడు. చాలాసార్లు తప్పేవాడు. ఆ తప్పులు మాత్రం ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు.

చేరిన కొత్తలో నాకు వింతగా తోచిన విషయం ఒకటుంది. ఒక కాగితం దేశం దాటాలంటే దానిమీద మా నోటరీ ముద్ర పడాలి. ఆ సంతకం నోటరీదేనని రాష్ట్ర సచివాలయం ఇంకో ముద్ర వేస్తుంది. సచివాలయం సంతకం నిజమేనని విదేశాంగ శాఖ వెనకవైపు ఒక స్టిక్కరు అంటిస్తుంది. పైవాళ్లు కిందివాళ్ల సంతకానికి పూచీ పడుతూ పోతారు. కాగితం లోపల రాసింది నిజమా కాదా అన్నది ఎవరూ చూడరు. పత్రికలో ఇది ఎవరు చెప్పారు, ఆయనకెలా తెలుసు అని అడిగి అడిగి అలవాటైన నాకు, ఇన్ని ముద్రల కింద అసలు మాట చెప్పింది ఎక్కడో ఒక్క మనిషేనన్న సంగతి చాలా కాలం మింగుడుపడలేదు.

ఆ కేసు తెచ్చిన ఆమె మా ఆఫీసుకు వచ్చింది మిరపకాయలు కళ్లాలకు చేరే రోజుల్లో. ఆ కాలంలో గుంటూరు బస్సెక్కితే టికెట్ కొట్టేలోపే తుమ్ములు మొదలవుతాయి. నలభై దాటిన నర్సు. సొంతూరు పర్చూరు పక్కన చిన్న పల్లె. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవాళ్లు, ఇద్దరూ పోయారు. చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని, నర్సింగ్ చేసి, ఐరోపాలో ఒక చిన్న ద్వీప దేశంలో వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తోంది. మా టైపిస్టు గల్ఫ్ అన్నాడు. ఆమె ఆ దేశం పేరు చెప్పాక అది ఎక్కడుందో ఫోన్లో వెతుక్కున్నాడు.

ఆ ఆశ్రమంలో కరెంటు పనులు చూసే మనిషి, ఆ ద్వీపంవాడే, భార్య పోయినవాడు, ఆమెను పెళ్లి చేసుకుంటానన్నాడట. ఈస్టరు తర్వాత అక్కడి రిజిస్ట్రారు దగ్గర తేదీ తీసుకున్నారు. ఆయన ఒకటే అడిగాడు. పుట్టిన దేశంలో ఈమెకు పెళ్లి కాలేదని ప్రభుత్వం చెప్పాలి, దానిమీద ముద్రలన్నీ ఉండాలి. ఆ కాగితం కోసమే సెలవు పెట్టి వచ్చింది.

తేదీ తప్పితే ఇంకో తేదీ తీసుకోవచ్చు కదా అని మా నోటరీ అడిగారు. ఆమె చేతిలోని ఫైలు అంచు సరిచేసుకుంటూ, "ఈ ఒక్కసారికే ధైర్యమొచ్చింది మేడమ్. ఇది తప్పితే మళ్లీ రాదు," అంది.

పని తేలికైనదే అనుకున్నాం. తనకు పెళ్లి కాలేదని ఆమె మా ముందు ప్రమాణపత్రం ఇస్తుంది. దానికి తోడు తహసీల్దారు ఒక సర్టిఫికెట్ ఇస్తాడు. తహసీల్దారు అడిగితే వీఆర్వో ఊళ్లో విచారించి నివేదిక రాస్తాడు. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. వారం తిరక్కుండా మళ్లీ మా గడప దగ్గర నిలబడింది. నివేదిక నకలు చూసి మా నోటరీ కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఏమ్మా, మొన్న పెళ్లి కాలేదన్నావు."

"కాలేదు మేడమ్."

"మరి వితంతువని రాశాడేంటి?"

అప్పుడు కూర్చుని చెప్పింది. నర్సింగ్ చివరి ఏడాదిలో ఉండగా ఆమెకు ఊళ్లోనే ఒక అబ్బాయితో ప్రధానం జరిగింది. వాళ్లలో ప్రధానమంటే చిన్న విషయం కాదు. పాస్టరు ప్రార్థన చేస్తాడు, ఉంగరం తొడుగుతారు, చీర పెడతారు, ఊరికి భోజనం పెడతారు. పంట అమ్ముడుపోయాక పెళ్లి అనుకున్నారు. ఆ అబ్బాయి పత్తి లారీల మీద లోడు కట్టేవాడు. ఒకరోజు బేళ్ల మీద నిలబడి తాడు బిగిస్తుండగా తాడు తెగి వెనక్కి పడ్డాడు. ఆసుపత్రికి చేరలేదు.

సమాధికి తీసుకెళ్లే ముందు ఆ అబ్బాయి తల్లి, ఆమె అప్పటికే భర్త పోయిన మనిషి, గుంపులో నిలబడి ఉన్న ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి శవపెట్టె తలవైపు కూర్చోబెట్టింది. ఆ చోటు భార్యది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ వద్దనలేదు. ఆ అమ్మాయి అక్కడినుంచి లేచేసరికి ఊరికి ఆమె ఫలానా ఇంటి కోడలైపోయింది. తర్వాత తన తల్లిదండ్రులు పోయారు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది ఆ ముసలామె ఇంటికే. జ్వరమొస్తే ఫోన్లో మందులు చెప్పేదీ, కంటికి ఆపరేషన్ చేయించిందీ ఈమే.

వీఆర్వో తప్పు కూడా పెద్దగా లేదు. తర్వాత ఆయనే నాకు చెప్పాడు. టీ కొట్టు దగ్గర నలుగురిని అడిగితే, వాళ్లు వెంటనే చెప్పకుండా కాసేపు తమలో తాము ఆలోచించుకున్నారట. బయటి దేశంలో పెళ్లి కోసం కాగితమట, పెళ్లి కాలేదంటే బాగుంటుందా, భర్త పోయాడంటే బాగుంటుందా అని. ఇంత వయసొచ్చీ పెళ్లి కాలేదంటే అక్కడివాళ్లు ఏమనుకుంటారో, భర్త పోయిన మనిషి మళ్లీ చేసుకుంటుందంటే గౌరవంగా ఉంటుందని తేల్చారు. ఆమెకు మేలు చేద్దామనే చెప్పారు. నా ఉద్యోగ జీవితంలో కాగితాల మీద చాలా అబద్ధాలు చూశాను గానీ, ఇంత ఆలోచించి, ఇంత మర్యాదగా చెప్పిన అబద్ధం ఇంకోటి చూడలేదు.

దాంతో ఆమె ఎటూ కాకుండా పోయింది. పెళ్లి కాలేదందామంటే ప్రభుత్వం వితంతువంటోంది. వితంతువే అందామంటే పెళ్లయిన ఆధారం కావాలి, అది లేదు. ఆ అబ్బాయి మరణ ధ్రువపత్రంలో భార్య పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. "ఎక్కిన ఊరికీ దిగాల్సిన ఊరికీ మధ్యలో బస్సు దించేసింది సార్ ఈవిడ్ని," అన్నాడు మా టైపిస్టు. నోటరీ అతనివైపు ఒక చూపు చూశారు. అతను కీబోర్డు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

తహసీల్దారు ఒక దారి చెప్పాడు. చనిపోయిన అబ్బాయి తల్లి బతికే ఉంది కాబట్టి, తన కొడుక్కీ ఈమెకూ పెళ్లి జరగలేదని ఆమె వాంగ్మూలం ఇస్తే నివేదిక మారుస్తామన్నాడు. న్యాయమైన మాటే. కానీ నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఆమె పెట్టిందే తింటున్నా. ఆమె పక్కనే పడుకుంటున్నా. నీ కొడుకు నాకేమీ కాడని చెప్పు అని ఎట్టా అడిగేది సార్?"

"పెళ్లి సంగతైనా చెప్పావా?" అని అడిగాను.

చెప్పలేదు. వచ్చిన రోజునుంచీ రేపు చెబుదామనుకుంటూ ఉంది. చివరికి నన్నే వెళ్లి మాట్లాడమంది. తను మాత్రం పక్కన ఉండనంది. అనువాదకుడి పనిలో ఇది లేదు. కానీ ఆ ముసలామె ఏమంటుందో తెలుసుకోవాలని నాకే బలంగా ఉంది. పాత ఉద్యోగం మనిషిని పూర్తిగా వదలదు.

ముసలామె ఊరి బయట కళ్లంలో దొరికింది. ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎర్రగా పరచిన కాయల మధ్య కూర్చుని తెల్లబోయిన తాలు కాయలు ఏరుతోంది. కాయల బేరానికొచ్చావా అంది. కాదన్నాను. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎండలో ఎందుకు తిరుగుతున్నావు అన్నీ అయ్యాయి. నేను విదేశాల్లో చట్టాల గురించి, అక్కడి ఆఫీసుల పద్ధతుల గురించి ఏవో చెప్పాను. చేతులు ఆపకుండా అంతా వింది.

"నువ్వేం పని చేస్తావయ్యా?"

"ఇదివరకు పేపర్లో చేసేవాణ్ణమ్మా."

"అందుకే ఊరు చుట్టూ తిరిగి ఇంటికొస్తన్నావు. దాని పెళ్లి గురించేగా?"

అవునన్నాను. ఆమె ముఖం మీది గుడ్డ కిందికి లాక్కుంది.

"పోయినేడు వచ్చినప్పుడే తెలుసు. ఫోన్ మోగితే గొడ్లపాక వెనక్కి పోయి ఇంగిలీసులో మాట్లాడేది. నాకు ఇంగిలీసు రాదు గానీ, నవ్వు తెలవదా?"

వాంగ్మూలం గురించి చెప్పాను. కొడుకు మాట వచ్చినప్పుడు ఒక కాయను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాన్ని మంచి కాయల్లో వేసింది. ఆఫీసుకు మాత్రం రానంది.

"ఆఫీసోళ్లకు చెబితే ఆఫీసోళ్లకే తెలుస్తది. ఊరంతా దాన్ని నా కొడుకు పెళ్లామంటంది. ముందు ఊరికి చెప్పాలి గదా. పెళ్లంటే గుడిలో చదవాలి. మూడు ఆదివారాలు చదివించండి. అడ్డం చెప్పేవోడు ఉంటే లేచి చెబుతాడు. లేకపోతే అప్పుడు వేస్తా వేలిముద్ర."

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరాలు ఉంటే చెప్పమని అడుగుతారు. పెళ్లి సముద్రాల అవతల, ఇక్కడివాళ్లెవరూ చూడని వరుడితో. అయినా ఆమెకు అదే కావాలి. తిరిగొచ్చి చెబితే మా నోటరీ చాలాసేపు నవ్వి, ఇది ఏ చట్టంలోనూ లేదు, ఏ చట్టమూ వద్దనలేదు, వెళ్లి చూసి రండి అన్నారు.

పాస్టరు మొదట ఒప్పుకోలేదు. అవి శ్రమదినాలు, ఈస్టరు దాకా వాళ్లు పెళ్లి మాట ఎత్తరు. వరుడు ఈ సంఘం సభ్యుడూ కాదు. ముసలామె స్వయంగా ఆయనింటికి వెళ్లి, పెళ్లి మీ గుడిలో కాదు గదా అయ్యగారూ, చదవటమే గదా, చదవటానికి దేవుడికేం కష్టం అని అడిగిందట. ఆయన ఆ వచ్చే ఆదివారమే చదివాడు. వరుడి ఇంటిపేరు దగ్గర రెండుసార్లు ఆగి, మూడోసారి దాటేశాడట.

అంతటితో ఊళ్లో మాటలు మొదలయ్యాయి. కొందరికి నచ్చలేదు. ఇన్నేళ్లు ముసలామెను చూసుకున్న మనిషిని పెళ్లికాని పిల్ల అనడం వాళ్లకు అవమానంగా తోచింది. నర్సుకే అవమానమని. రెండో ఆదివారం తర్వాత టీ కొట్టులో నేనూ వీఆర్వో కూర్చుని ఉండగా, చనిపోయిన అబ్బాయికి వరసకు తమ్ముడైన ఒకాయన మా ముందే గట్టిగా చెప్పాడు. మూడో ఆదివారం తను లేస్తానని, మా అన్న పెళ్లాన్ని మా అన్న పెళ్లాం కాదంటే ఊరుకునేది లేదని.

"ఏరా, ఆమె మళ్లీ చేసుకుంటే నీకేందిరా?" అన్నాడు కొట్టతను.

"చేసుకోమను. వద్దన్నానా? మా అన్న పేరు తీసేసి చేసుకోవటమేంది?"

అతను చెడ్డవాడేం కాదు. అన్న పేరు ఈ భూమ్మీద ఇంకో మనిషిని అంటిపెట్టుకుని ఉందని అనుకుంటున్నాడు. ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే, ఆ మాట తన నివేదికలో రాయక తప్పదని వీఆర్వో నాతో మెల్లిగా అన్నాడు. అలా జరిగితే తహసీల్దారు సంతకం పెట్టడు. ఆ మాట నేను నర్సుకు చెప్పాను. సెలవు ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది సార్ అని మాత్రం అంది.

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. మామూలుగా రానివాళ్లు కూడా వచ్చారు. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు, చాపల మీద. వరస తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వీఆర్వో సంచీ ఒళ్లో పెట్టుకుని గుమ్మం పక్కన, నేను ఆయన పక్కన. నర్సు ఆడవాళ్లలో చివరన, తలమీద ముసుగు సర్దుకుంటూ. ముసలామె ఎక్కడో మధ్యలో ఉంది, నాకు కనపడలేదు.

పాస్టరు చదివాడు. ఇది మూడవ ప్రకటన అన్నాడు. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలియజేయాలన్నాడు. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా కదిలింది. అతను ఒక చెయ్యి చాప మీద ఆనించి లేవబోతున్నాడు.

ఆడవాళ్లవైపు అతనికంటే ముందు ముసలామె లేచి నిలబడింది.

పాస్టరు పుస్తకం దించాడు. "ఏమ్మా, అభ్యంతరమా?"

"కాదయ్యగారూ. పెళ్లనేసరికి పిల్ల తరఫున ఎవరో ఒకరు నిలబడాలి గదా. దానికి అమ్మా అయ్యా లేరు. అందుకని నేను లేచా."

తర్వాత మగవాళ్లవైపు తిరిగింది. "ఇంకెవరన్నా లేస్తారా?"

వరస తమ్ముడి చెయ్యి చాప మీదే ఉంది. కాసేపటికి దాన్ని మెల్లిగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆరాధన అయ్యాక చర్చి వరండాలో వీఆర్వో ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి వాంగ్మూలం రాసుకున్నాడు. చదువురాని మనిషికి ప్రతి వాక్యం చదివి వినిపించి, అవునన్నాకే ముందుకు పోవాలి. పేరు, వయసు, ఊరు. నా కుమారుడికి ఈమెతో ప్రధానం జరిగినది, వివాహము జరగలేదు. ఆమె ఊఁ అంది. మామూలుగానే అంది. నర్సు వరండా మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. వీఆర్వో ఒకచోట పెన్ను ఆపాడు. దరఖాస్తుదారుతో బంధుత్వం రాయాల్సిన చోటది.

"అమ్మా, ఇక్కడ కోడలంటే మళ్లీ మొదటికొస్తది," అన్నాడు.

"కూతురని రాసుకో."

"కన్న కూతురు కాదు గదమ్మా. పైన అడుగుతారు."

"మరేం రాస్తావు?"

వీఆర్వో నావైపు చూశాడు. "ఏ బంధుత్వమూ లేదని రాయాలమ్మా," అన్నాడు.

మెట్ల మీదినుంచి నర్సు లేచి వచ్చింది. "వద్దు సార్. వదిలేయండి. నాకా కాగితం వద్దు."

"నువ్వు నోరు మూసుకోవే," అంది ముసలామె ఆమెవైపు చూడకుండానే. తర్వాత వీఆర్వోను అడిగింది. "అట్టా రాస్తే దీని పనవుద్దా?"

"అవుద్దమ్మా."

"రాయి."

ఆయన రాసి, నియమం ప్రకారం చదివాడు. దరఖాస్తుదారుతో నాకు ఎటువంటి బంధుత్వమూ లేదు. చదువుతున్నప్పుడు ఆయన గొంతు బాగా తగ్గింది. ఆమె వినపడలేదంది. మళ్లీ చదివాడు. ఆమె మునుపటిలాగే ఊఁ అని, వేలు చాపింది.

ఆ వాంగ్మూలాన్ని మర్నాడు ఇంగ్లీషులోకి మార్చింది నేనే. ఆ వాక్యం ఎలా ఉందో అలాగే మార్చాను. తహసీల్దారు సర్టిఫికెట్ వచ్చింది, దానికి జతగా ఈ వాంగ్మూలం. ఆమె సెలవు అయిపోయేలోగా ముద్రలన్నీ పడ్డాయి, అనుకున్న తేదీకే పెళ్లి జరిగింది. ఆ కట్టలో ఒక్క అక్షరం కూడా చట్టానికి తప్పు కాదు. దాన్ని చూసిన ఏ దేశపు అధికారికైనా, ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకరికొకరు ఏమీ కారని ప్రభుత్వ ముద్రలతో సహా తెలుస్తుంది. కాగితం ఎంతవరకు నిజం చెప్పగలదని ఎవరైనా నన్నడిగితే నాకు గుర్తొచ్చేది ఆ కట్టే.

ఆ మధ్యాహ్నం వరండాలో మాత్రం ఇవేవీ ఇంకా తెలియవు. ముసలామె వేలికంటిన సిరా చీరచెంగుకు తుడుచుకుంది. నర్సు స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. ముసలామె లేచి, చెప్పులు వెతుక్కుంటూ, "పొయ్యి మీద కూర పెట్టొచ్చానే, మాడిపోతది. ఏడ్చింది చాలు గానీ ఆ సార్లిద్దరికీ కాళ్లకు నీళ్లియ్యి, తినిపోతారు," అంది. మా జవాబు కోసం ఆగకుండా ఎండలోకి దిగి ఇంటివైపు నడిచింది. నర్సు ముఖం తుడుచుకుని, రండి సార్ అంది. వీఆర్వో కాగితం సంచీలో పెట్టుకున్నాడు. ముగ్గురం ఆమె వెనకే వెళ్లాం.